ఇమ్లీబన్‌లో రైలెక్కాం

హైదరాబాదులో ఒక రైలుబండి ఉంది. అది బయలుదేరేదీ బస్సుస్టాండు దగ్గరే, పోయి ఆగేదీ బస్సుస్టాండు దగ్గరే. నా మాట మీద నమ్మకం లేకపోతే ఒకసారి ఎక్కి చూడండి. ఇటు మూసీనది ఒడిలో ఉన్న మహాత్మాగాంధీ బస్‌స్టేషను. అటు సికింద్రాబాదులో జూబిలీ బస్‌స్టేషను. ఈ రెంటి నడుమ 11 కిలోమీటర్లు, 9 స్టేషన్లు, 16 నిముషాల ప్రయాణం. మెట్రోరైలు పటాల మీద ఆకుపచ్చ గీతగా కనిపించే ఈ దారి 2020 ఫిబ్రవరి 7న మొదలయింది. పట్నవాసులకు ఇప్పుడిది పాతపడిపోయిన సంగతి. పల్లెనుంచి మూటా ముల్లే పట్టుకుని దిగేవాళ్ళకు మాత్రం ఇప్పటికీ కొత్తే.

నేను ఆ బండి ఎక్కింది సరదాకి కాదు. 2024 మాఘమాసంలో మా అమ్మను బెల్లంపల్లి పెళ్ళికి తీసుకుపోవలసి వచ్చింది. మాది దేవరకొండ వైపు. అక్కడినుంచి బస్సులో పట్నం రావాలి. పట్నంలో సికింద్రాబాదు స్టేషనుకు పోయి రైలెక్కాలి. చెప్పడానికి ఇంతే. కాని మా ఇంట్లో ఈ ప్రయాణం మాట వచ్చినప్పుడల్లా ఒక నిముషం ఎవరూ మాట్లాడరు. అందుకు కారణం చెప్పాలంటే 1989కి పోవాలి.

మా పెద్దనాయన బెల్లంపల్లిలో సింగరేణి గనుల్లో పనిచేసేవాడు. ఆ ఏడు వానాకాలం చివర ఆయనకు జబ్బు ముదిరిందని, వెంటనే బయలుదేరమని ఊరికి కబురు వచ్చింది. మా నాయిన ఉన్నపళంగా చేతిసంచితో బస్సెక్కాడు. అప్పట్లో మా బస్సులు గౌలిగూడ బస్సుస్టాండులో ఆగేవి. ఆయన అక్కడ దిగేసరికి దీపాలు పెట్టారు. రాత్రి 9 గంటలకు సికింద్రాబాదులో రైలు. ఏడెనిమిది కిలోమీటర్ల దూరానికి మూడు గంటల వ్యవధి ఉంది గదా అని ధీమాగా సిటీబస్సు కోసం నిలబడ్డాడు. ఎంతకీ బస్సు రాదు. ఎవరినో అడిగితే, "ఇవాళ వినాయక నిమజ్జనం పెద్దాయనా, రోడ్లన్నీ బందు" అన్నారు. పల్లెటూరి మనిషికి పట్నంలో ఏనాడు నిమజ్జనమో ఏం తెలుసు? రిక్షావాళ్ళు రామన్నారు. ఇక లాభం లేదని దారి అడుక్కుంటూ నడక మొదలుపెట్టాడు. కోఠీ దాటి సుల్తాన్‌బజారు, నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్టీసీ చౌరస్తా, ముషీరాబాదు, అక్కడ పొడుగాటి జైలుగోడ, ఆ పైన సికింద్రాబాదు. మేళాలు, రంగులు, లారీల మీద గణపతులు, కిక్కిరిసిన జనం. అందరూ వస్తున్న దిక్కుకు ఎదురుగా ఈయన ఒక్కడూ చేతిసంచితో.

ప్లాట్‌ఫారం మీద అడుగుపెట్టేసరికి రైలు లేదు. పోయి ఎంతోసేపు కాలేదని పోర్టరు చెప్పాడట. రాత్రంతా అక్కడే కూర్చుని మర్నాడు పొద్దుటి బండి పట్టుకున్నాడు. బెల్లంపల్లి చేరేసరికి పెద్దనాయన లేడు. తెల్లవారుజామున "తమ్ముడు వచ్చిండా?" అని రెండుసార్లు అడిగాడట.

మా నాయిన తరవాత ఇరవై ఏళ్ళు బతికాడు. ఆ రాత్రి సంగతి ఎప్పుడు చెప్పినా ఒకే తీరుగా చెప్పేవాడు. "బస్సు మోసం చెయ్యలే, రైలు మోసం చెయ్యలే. నడిమిట్ల పట్నమే మోసం చేసింది." ఆ ఊళ్ళ పేర్లు, అంటే సుల్తాన్‌బజారు మొదలు ముషీరాబాదు దాకా, చిన్నప్పుడు మాకు ఎక్కం అప్పజెప్పినట్టు వచ్చేవి. మేము మాత్రం ఏ ఒక్కటీ చూసి ఎరగం.

ఇంతకూ ఈ నడిమి దూరం ఎందుకొచ్చింది? బస్సు దిగినవాడికి రైలు అందుబాటులో ఉండాలని వెనుకటివాళ్ళకు తోచలేదా? తోచకేం! తమాషా ఏమిటంటే, హైదరాబాదులో బస్సు పుట్టిందే రైలు ఇంట్లో. సికింద్రాబాదుకు రైలు 1874లో వచ్చింది. నడిపింది ఇంగ్లీషు కంపెనీ. 1930లో నిజాం ప్రభుత్వం ఆ కంపెనీని కొనేసి రైల్వేను తన సొంతం చేసుకుంది. రెండేళ్ళ తరవాత, అంటే 1932లో, ఆ రైల్వేశాఖే బస్సులు దింపింది. మొదట్లో 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి ఇప్పటికీ ముషీరాబాదులోని బస్‌భవన్‌లో భద్రంగా ఉంది. పొట్టిగా, ముక్కు ముందుకు పొడుచుకుని, ఇప్పటి బస్సుల పక్కన ముత్తాతలాగా ఉంటుంది. బస్సు నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం నిజాంగారి తల్లి జెహ్రాబేగం పేరుమీద పెట్టారని చెప్పుకుంటారు. రైలువాడే బస్సు నడిపితే రైలు వేళకు బస్సు వచ్చి నిలుస్తుందనీ, రెండూ ఒకదాని గిరాకీని ఒకటి తినెయ్యకుండా ఉంటాయనీ ఆనాటివారి ఆలోచన. చక్కని ఆలోచనే.

ఆ కాపురం ఇరవై ఏళ్ళు సాగింది. 1950లో నిజాం రైల్వే భారత రైల్వేల్లో కలిసింది. 1951లో బస్సులు రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చాయి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డురవాణా సంస్థ ఏర్పడింది. రైలుకు యజమాని ఢిల్లీలో, బస్సుకు యజమాని హైదరాబాదులో. ఎవరి ఆదాయం వాళ్ళది, ఎవరి టైముపట్టిక వాళ్ళది. నడుమ గోడ లేచింది. ఆ గోడ ఇవతల దిగి అవతలికి పోవలసినవాడు చేతిసంచితో రోడ్డున పడ్డాడు. మా నాయిన నడిచింది ఆ గోడ వెంబడే కాబోలు అనిపిస్తుంది నాకు.

గౌలిగూడ బస్సుస్టాండు చూసినవాళ్ళకు ఆ షెడ్డు బాగా గుర్తుండాలి. సగానికి కోసిన పీపాలాగా గుండ్రటి ఇనుపరేకుల కప్పు. అమెరికానుంచి తెప్పించిందనీ, విమానాలు పెట్టుకోవడానికి కట్టిందనీ చెప్పేవారు. లోపల అడుగుపెడితే డీజిలు వాసన, పల్లీలమ్మేవాళ్ళ కేకలు, కప్పుకు తగిలి తిరిగివచ్చే హారన్ల మోత. దూరపు బస్సులు 1994లో కొత్త స్టాండుకు మారిన తరవాత సిటీబస్సులు ఆ షెడ్డులో కాపురమున్నాయి. 2018 జూలై 5 తెల్లవారుజామున అది దానంతట అదే కుప్పకూలింది. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బ తగలలేదు. సరిగ్గా ఆ ఏడే సెప్టెంబరు 24న, దానికి కూతవేటు దూరంలో, మెట్రోరైలు మహాత్మాగాంధీ బస్‌స్టేషను దగ్గరికి వచ్చింది. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ పోయే ఎర్రగీత అది. ఏడాదిన్నర తరవాత ఆకుపచ్చ గీత కూడా వచ్చి అక్కడే కలిసింది.

ఇక మా ప్రయాణం.

దేవరకొండలో బస్సెక్కగానే అమ్మ ఆధార్‌కార్డు చూపించింది. కండక్టరు సున్నా టిక్కెట్టు చింపి ఇచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు గదా. నాకు మాత్రం పూర్తి టిక్కెట్టు. అమ్మ ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి సంతోషించింది. ఆమె కాళ్ళ దగ్గర రెండు మూటలున్నాయి. ఒకదాంట్లో సకినాలు. రెండోదాంట్లో కొత్త చింతపండు. బెల్లంపల్లిలో చింతపండు దొరకదా అంటే, "దొరుకుతది, మన చెట్టుది దొరుకుతదా?" అంది. అంతటితో నా నోరు మూతపడింది.

మాల్, ఇబ్రహీంపట్నం దాటి బస్సు ఎల్బీనగర్ చేరేసరికి సగం జనం దిగిపోయారు. పక్కసీటు కుర్రవాడు మాక్కూడా సలహా చెప్పాడు. ఇక్కడే దిగి మెట్రో ఎక్కితే ట్రాఫిక్ బాధ తప్పుతుందట. మాట వాస్తవం. అక్కడనుంచి దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మీదుగా బస్సు పాకుతుంటే, మన తలమీదుగానే రైలు జర్రున పోతుంటుంది. కాని అమ్మ ససేమిరా కదలలేదు. "టిక్కెట్టు ఇమ్లీబన్ దాకా కొట్టిండ్రు గదా" అంది. ఊరికే వచ్చిన టిక్కెట్టు అయినా సరే, దారిలో పారెయ్యడం ఆమెకు ఇష్టం లేదు.

ఇమ్లీబన్ అంటే చింతతోపు. మహాత్మాగాంధీ బస్‌స్టేషను ఉన్న చోటికి పాతపేరు అదే. ఇప్పుడక్కడ చింతలు వెతికితే కనిపించవు గాని, నది ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, ఆ చెట్టెక్కి నూట యాభైమంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తరవాతే విశ్వేశ్వరయ్యగారి సలహా మీద నదికి ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నదికి ముక్కుతాడు పడింది గదా అన్న ధైర్యంతోనే కాబోలు, నది నడుమ దిబ్బమీద ఇంత పెద్ద బస్సుస్టాండు లేచింది. డెబ్భైకి పైగా ప్లాట్‌ఫారాలు. ఒక కొసనుంచి రెండో కొసకు నడిస్తే ఆదిలాబాదు నుంచి కర్నూలు దాకా అన్ని ఊళ్ళ యాసలూ చెవిన పడతాయి.

బస్సు దిగాం. నేను అలవాటు కొద్దీ ఆటోల వైపు చూశాను. వాళ్ళు మా వైపు అంతకన్నా శ్రద్ధగా చూశారు. కాని ఆ పూట వాళ్ళతో బేరం పడలేదు. రోడ్డు దాటే పనిలేకుండా, బస్సుల ఆవరణలోనుంచే రైలు స్టేషనులోకి పోవచ్చు. పెద్ద పెద్ద స్తంభాల మీద అంతస్తులుగా లేచిన కట్టడం. రెండు గీతల రైళ్ళూ ఆ కప్పుకిందే కలుస్తాయి.

అమ్మ తలెత్తి చూసి ఆగిపోయింది.

"గిన్ని మెట్లు ఎక్కాల్నా కొడుకా?"

"లిఫ్టు ఉందమ్మా."

"రైలు మిద్దెమీద ఆగుతదా?"

"ఆగుతుంది."

లిఫ్టెక్కి పైకి పోయాక మూటలను యంత్రంలో పెట్టమన్నారు. ఎక్కడికి పోతున్నాయో అని అమ్మ ఆ పెట్టె అటువైపు పరుగెత్తినంత పనిచేసింది. తెరమీద చింతపండు ముద్ద ఎట్లా కనిపించిందో నాకు తెలియదు గాని, అక్కడి పిల్ల మూట పక్కన పెట్టించి, "ఏముందవ్వా ఇందులో?" అని అడిగింది. అమ్మ మూట విప్పి చూపించింది. అంతటితో ఆగక, గుప్పెడు తీసుకొమ్మని బలవంతం కూడా చేసింది. ఆ పిల్ల నవ్వి చేతులు జోడించింది. మా వెనక నిలబడ్డ ఆఫీసు బాబులు మాత్రం నవ్వలేదు. వాళ్ళకు రైలు తొందర. అయినా రెండుమూడు నిముషాలకొకటో అయిదారు నిముషాలకొకటో వస్తూనే ఉండే బండికి అంత తొందరెందుకో నాకు బోధపడదు. రోజుకు ఒకే రైలున్న ఊళ్ళవాళ్ళు ఇంతకన్నా నింపాదిగా ఉంటారు.

టిక్కెట్టు దగ్గర చిక్కొచ్చింది. నేను ఇద్దరికి డబ్బు కడుతుంటే అమ్మ ఆధార్‌కార్డు బయటికి తీసింది. ఇక్కడ అది చెల్లదని చెప్పాను.

"ఎందుకు చెల్లదు? కిందికి వస్తే పుణ్యానికి, మీదికి ఎక్కితే పైసలా? ఒక్క ఇంట్ల రెండు పొయ్యిలున్నయా ఏంది?"

నేను ఏం చెప్పను? ఉన్నాయి. 1951 నుంచీ ఉన్నాయి. కిందిది ఆర్టీసీ పొయ్యి, మీదిది మెట్రో పొయ్యి, సికింద్రాబాదులో ఉన్నది కేంద్ర రైల్వే పొయ్యి. కప్పు ఒకటే అయినంత మాత్రాన కుండ ఒకటి కాదు. స్టేషను కట్టే ఇంజనీర్లు ఇనుముతో, సిమెంటుతో అతికించగలిగినదంతా అతికించారు. ఇక మిగిలింది టిక్కెట్టు కాగితం అతకడమే. దేవరకొండలో ఒక టిక్కెట్టు కొని బెల్లంపల్లిలో దిగగలిగిన నాడు, నిజాంకాలపు రైల్వేవాళ్ళు 1932లో అనుకున్నది నెరవేరినట్టు.

రైలొచ్చింది. మూడు పెట్టెల బండి. చల్లటి గాలి. ఒక కాలేజీ పిల్ల లేచి అమ్మకు చోటిచ్చింది. తలుపులు మూసుకున్నాయి. ఏదో గొంతు మూడు భాషల్లో చెప్పింది, వచ్చే స్టేషను సుల్తాన్‌బజార్ అని.

అమ్మ చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"సుల్తాన్‌బజారు అన్నదా?"

అవునన్నాను. ఆమె కిటికీలోనుంచి కిందికి చూసింది. ఇరుకు సందు, రెండువైపులా దుకాణాలు, చీరలు, గాజులు, జనం. మిద్దెల మూడో అంతస్తుల పక్కనుంచి బండి పోతున్నది. ఈ బజారు మీదుగా రైలు వెయ్యవద్దని వ్యాపారులు ఏళ్ళ తరబడి గోల చేశారు. చివరకు వేశారు. కింద బజారు బజారుగానే ఉంది.

తరవాత నారాయణగూడ. తరవాత చిక్కడపల్లి. ప్రతి పేరు వినబడగానే అమ్మ తల ఊపుతున్నది, పిల్లలు అప్పజెబుతుంటే పంతులు ఊపినట్టు. మా నాయిన చెప్పిన వరస తప్పలేదు. ఆయన నడిచిన రోడ్డుకు సరిగ్గా నెత్తిమీద, ఆయన పోయిన దిక్కుకే మేము పోతున్నాం. ఆర్టీసీ చౌరస్తాలో సినిమాహాళ్ళ ముందు పెద్ద పెద్ద బొమ్మలు. ముషీరాబాదు. ఆ తరవాత గాంధీ ఆసుపత్రి అని వినబడేసరికి అమ్మ తల ఊపడం ఆపింది.

"ఈడ జైలుండాలె గదా?"

ఆమెకు లెక్క తప్పలేదు. ఒకప్పుడక్కడ ముషీరాబాదు జైలే ఉండేది. దాన్ని తీసేసి ఆ చోట ఆసుపత్రి కట్టారు. సికింద్రాబాదు స్టేషను దగ్గరున్న గాంధీ ఆసుపత్రి 2003లో అక్కడికి మారింది. ఆ సంగతి చెబితే, "మంచి పని చేసిండ్రు" అంది. కాసేపాగి, "ఆ గోడ పట్టుకొని నిలబడి నీళ్ళు తాగిండట. ఎవలో ఇచ్చిండ్రట" అంది. ఈ నీళ్ళ సంగతి నేను ఎన్నడూ వినలేదు. ముప్పై అయిదేళ్ళు ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఇక్కడ ఒక వివరం చెప్పాలి, మీలో ఎవరైనా ఇదే దారి పోతే పనికివస్తుంది. రైల్వేస్టేషనుకు పోవలసినవాళ్ళు సికింద్రాబాద్ వెస్ట్‌లో దిగవచ్చు. పేరు చూసి స్టేషను గుమ్మంలో దిగుతామనుకుంటే పొరపాటు. మూటలతో, ముసలివాళ్ళతో జనంలోపడి నడవాలి. అంచేత మేము అక్కడ దిగలేదు. చివరిదాకా పోయి, పరేడ్ గ్రౌండ్ దగ్గర నీలంగీత రైలుకు మారాం. అక్కడనుంచి ఒక్క స్టేషను వెనక్కి వస్తే సికింద్రాబాద్ ఈస్ట్. అది రైల్వేస్టేషను ఎదురుగానే ఉంది. ముందుకు పోయి వెనక్కి రావడమెందుకని అమ్మకు అనుమానం వచ్చింది, దారి తప్పామేమోనని. కాని నడక తప్పింది. పరేడ్ గ్రౌండ్ మిద్దె మీదనుంచి జూబిలీ బస్‌స్టేషను కనిపించింది. కరీంనగర్, నిజామాబాదు, సిద్దిపేట బస్సులు అక్కడినుంచే పోతాయి. అక్కడా మూటలే, అక్కడా మా అమ్మలే. వాళ్ళలో మూసీ ఆవలికి పోవలసినవాళ్ళు మేము దిగిన బండిలోకి ఎక్కుతున్నారు.

సికింద్రాబాదు స్టేషనులో అప్పుడు తవ్వకాలు సాగుతున్నాయి. 2023 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన కొత్త స్టేషను పని అది. 700 కోట్ల రూపాయల పైచిలుకు ఖర్చు. రెండు మెట్రో స్టేషన్లనూ, పక్కనే ఉన్న రేతిఫైల్ బస్సుస్టేషనునూ ఈ కొత్త కట్టడంతో కలపాలని పథకంలో ఉంది. అది పూర్తయితే గోడలో మరో తలుపు తెరుచుకుంటుంది. ఆనాటికి మాత్రం రేకుల అడ్డాలు, దుమ్ము, "ఇటు కాదు అటు" అని చెప్పే పోలీసులు. ఆ పాత ముఖద్వారాన్ని 2025లో కూల్చేశారు.

ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి మా బండికి ఇంకా గంటంపావు ఉంది. అమ్మ ఒక బల్ల వెతుక్కుని కూర్చుంది. మూటలు కాళ్ళకు ఆనించుకుంది. అటూ ఇటూ చూసి, "మీ నాయిన ఆ రాత్రి ఏడ కూసున్నడో" అంది. నాకు తెలియదు. ఆయనను ఎన్నడూ అడగలేదు. ఏ ప్లాట్‌ఫారమో, ఏ బల్లో. "గీ గంటంపావు ఆనాడు ఆయనకు దొరికితే" అని ఆగిపోయి, సద్దిమూట విప్పింది. బెల్లంపల్లిలో పెళ్ళి బాగా జరిగింది. పెద్దనాయన మనుమడు పీటలమీదనుంచి లేచివచ్చి అమ్మ కాళ్ళకు మొక్కాడు. చింతపండు మూట ఇంటావిడ నేరుగా వంటింట్లోకి మోసుకుపోయింది.

ఇదంతా చదివి పట్నం ప్రయాణం పూలబాట అయిందని అనుకోకండి. తెల్లవారుజామున 4 గంటలకు దూరపు బస్సులు ఇమ్లీబన్‌లో దిగుతాయి. ఆ వేళకు మెట్రో ఇంకా నిద్రలేవదు. దుప్పట్లు కప్పుకుని జనం మూటల మీద కూర్చుంటారు, లేదా ఆటో ఎక్కుతారు. అర్ధరాత్రి దిగినవాళ్ళకూ అదే గతి. బస్సుకు రాత్రీ పగలూ లేదు, పై అంతస్తుకు ఉంది. అటు పాతబస్తీవారి గోడు వేరు. ఆకుపచ్చ గీత అసలు ఫలక్‌నుమా దాకా పోవలసింది. 2020లో ఇమ్లీబన్‌కు వచ్చి ఆగింది. ఇది రాస్తున్న నాటికి అక్కడే ఉంది. చార్మినారు వైపు వాళ్ళు రైలు చప్పుడు నది ఇవతలినుంచే వింటున్నారు.

2025 సెప్టెంబరు నెలాఖరులో, వెనుకటి వరద తిథికి దాదాపుగా అదే రోజుల్లో, ఎగువ జలాశయాల తూములెత్తేసరికి మూసీ మళ్ళీ పొంగింది. రాత్రివేళ బస్సుల ఆవరణలోకి నీళ్ళొచ్చాయి. లోపల చిక్కుకున్న ప్రయాణికులను బయటికి తేవలసి వచ్చింది. బస్సులను ఊరి అంచుల్లోని వేరే చోట్లకు మళ్ళించారు. మర్నాడు పొద్దున్నే ఊరినుంచి అమ్మ ఫోను.

"ఇమ్లీబన్ మునిగిందట గదా! మన రైలు మునిగిందా?"

"లేదమ్మా. అది పైన ఉంది గదా."

"మరి బస్సు?"

"బస్సులు ఎల్బీనగర్ దగ్గర, ఇంకా అక్కడక్కడ ఆపుతున్నారట."

"నీళ్ళు తీసినంక మళ్ళ ఆడికే వస్తయా?"

వస్తాయన్నాను. వచ్చాయి కూడా. కాని ఇప్పుడు ఆమెకు ఇంకో దిగులు పట్టుకుంది. సికింద్రాబాదు స్టేషను పని సాగినన్నాళ్ళూ కొన్ని రైళ్ళను చర్లపల్లికి మార్చారని ఎవరో చెప్పారట. చర్లపల్లిలో 2025 జనవరి 6న కొత్త టెర్మినల్ తెరిచారు. అద్దాల మేడ, విశాలమైన ప్లాట్‌ఫారాలు, చూడముచ్చటగా ఉంటుంది. కాని ఇమ్లీబన్‌కు సికింద్రాబాదు ఎంత దూరమో దానికి రెండింతల పైనే ఉంటుంది. అక్కడికి మెట్రో లేదు. మళ్ళీ నడిమి దూరం.

వచ్చే మాఘంలో బెల్లంపల్లిలో మరో పెళ్ళి ఉంది. మొన్న అమ్మ ఫోనులో చింతపండు సంగతీ, చలి సంగతీ అంతా అయిన తరవాత మెల్లగా అడిగింది.

"మన బెల్లంపల్లి బండి గూడ ఆడికే మార్చిండ్రా?"

కనుక్కుని చెబుతానన్నాను.

"కనుక్కో. ఆడ బస్సులు ఎంత దూరంల ఆగుతయో గూడ కనుక్కో" అంది.